వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ ఇంట్లో చేసుకోవడానికి కాయలు ఎన్ని వేయాలి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. కేరళలోని ఇడుక్కి వెళ్లివచ్చిన బంధువులు ఎండబెట్టిన నల్లని వెనిల్లా కాయలు కొన్ని తెచ్చి ఇచ్చారు. వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్, అంటే పరిమళం కోసం కేకుల్లో వేసే వెనిల్లా సారం, చేద్దామని వాటిలో రెండింటిని నిలువుగా చీల్చి, 180 మిల్లీలీటర్ల వోడ్కా సీసాలో వేసి, అల్మారాలో పెట్టి మూడు వారాలు దాటింది. ద్రవానికి లేత తేనె రంగు వచ్చింది గానీ, మూత తీస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప వెనిల్లా వాసన అంతంతమాత్రంగానే ఉంది. కాయలు మంచివి కావా, లేక విధానంలో లోపం ఉందా? మిగిలిన కాయల మీద తెల్లటి నూగు వంటిది కూడా కనిపిస్తోంది. దయచేసి తెలియజేయగలరు.

సమాధానం:
మీ కాయలను శంకించవలసిన పని లేదండీ. రంగు ముందుగా దిగుతుంది, పరిమళం నిదానంగా దిగుతుంది కనుక మూడు వారాలకు ఆల్కహాల్ వాసనే పైచేయిగా ఉండడం సహజం. అయితే మీ సీసాలో కాయలు తక్కువయ్యాయి; ఎన్ని నెలలు ఆగినా ఆ లోటు తీరదు. సీసాకు రెండో మూడో కాయలు చాలునని చాలామంది చెబుతారు గానీ, ఒక్కో కాయ రెండు గ్రాములే తూగవచ్చు, నాలుగు గ్రాములూ తూగవచ్చు కనుక ఇక్కడ లెక్కపెట్టడం కంటే తూచడమే సరైన పద్ధతి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ అనే పేరుతో అమ్మాలంటే గాలన్‌కు 13.35 ఔన్సుల కాయలు వాడాలి, ఆల్కహాల్ కనీసం 35 శాతం ఉండాలి. మన కొలతల్లో అది లీటరుకు సుమారు 100 గ్రాములు. ఆ లెక్కన మీ సీసాకు 18 గ్రాములు కావాలి. మీ రెండు కాయలూ కలిపి ఆరు గ్రాములు ఉన్నాయనుకుంటే, మీకు దక్కేది మూడో వంతు బలమే.

మిగిలిన కాయలను వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, తక్కువైన మేరకు కత్తెరతో అంగుళం లోపు ముక్కలుగా కత్తిరించి అదే సీసాలో వేయండి. పొడవాటి కాయలు ద్రవం పైకి తేలితే ఆ భాగం చెడిపోయే ప్రమాదం ఉంది. ముక్కలు చేస్తే పూర్తిగా మునిగి ఉంటాయి, సారం కూడా త్వరగా దిగుతుంది. మన దేశంలో దొరికే వోడ్కా సాధారణంగా 42.8 శాతం ఉంటుంది కనుక అందులో నీళ్లు కలపకుండా అలాగే వాడాలి. సీసాను ఎండ తగలని చోట, ఫ్రిజ్‌లో కాకుండా బయటే ఉంచి, వారానికి ఒకటి రెండుసార్లు కదపండి. రెండు నెలలకు వాడుకోవచ్చు గానీ, ఆరు నెలలు ఆగగలిగితే ఘాటు తగ్గి రుచి నిండుగా వస్తుందని నా అభిప్రాయం.

తెల్లటి నూగు సంగతి వెలుతురులో పెట్టి చూస్తే తేలిపోతుంది. సన్నని సూదుల్లా మెరుస్తుంటే అది కాయకు పరిమళాన్నిచ్చే వెనిలిన్ అనే పదార్థం పైకి వచ్చి గడ్డకట్టినది, నిశ్చింతగా వాడండి. మెరుపు లేకుండా దూదిలా ఉండి, ముక్కిపోయిన వాసన వస్తుంటే అది బూజు. ఆ కాయను పారేయాలి.

మరొక సభ్యురాలి ప్రశ్న:
అంత కాలం ఆగకుండా కుక్కర్‌లో పెట్టి తీయవచ్చునని ఎక్కడో చూశాను. అది క్షేమమేనా? మా ఇంట్లో మద్యం వాడరు. దానికి వేరే దారి ఉందా?

సమాధానం:
కుక్కర్ ఆలోచన దయచేసి విడిచిపెట్టండమ్మా. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, దాని ఆవిరి మంట తగిలిన వెంటనే అంటుకుంటుంది. మూసిన సీసాను వేడిచేస్తే అది పగలవచ్చు, మూత తెరిచి ఉంచితే ఆవిరి స్టవ్ మీదికి వస్తుంది. కొన్ని వారాలు ఆదా చేయడానికి వంటింటిని ప్రమాదంలో పెట్టకూడదు.

మద్యం వద్దనుకుంటే, ఆహారానికి వాడదగినదని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉన్న గ్లిజరిన్ మూడు పాళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు ఒక పాలు కలిపి, కాయలు మాత్రం అదే తూకంలో వేయండి. చర్మానికి రాసుకునేందుకు అమ్మే గ్లిజరిన్ వాడవద్దు. ఇది చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది, ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆల్కహాల్ లాగినంత బాగా గ్లిజరిన్ సారాన్ని లాగదు కనుక కేకులో కొంచెం ఎక్కువ వేసుకోవలసి వస్తుంది.

ఇంకొక ప్రశ్న:
కర్ణాటకలోని కొడగులో మిత్రుల తోటలో పచ్చి కాయలు ఉన్నాయి. వాటిని నేరుగా వోడ్కాలో వేయవచ్చా?

సమాధానం:
వేసినా ఫలితం ఉండదండీ, ఎందుకంటే పచ్చి కాయకు ఆ వాసనే ఉండదు. అందులో వెనిలిన్ చక్కెరతో ముడిపడి ఉంటుంది. కాయను మగ్గబెట్టినప్పుడు దానిలోని ఎంజైములు ఆ ముడిని విప్పితేనే పరిమళం బయటపడుతుంది. ఇందుకోసం కాయలను 63 నుంచి 65 డిగ్రీల వేడినీళ్లలో మూడు నిమిషాలు ముంచి తీసి, ఉన్ని గుడ్డలో చుట్టి ఉమ్మబెట్టి, రోజూ కొంతసేపు ఎండ చూపించి మళ్లీ చుట్టిపెట్టి, ఆ తరువాత నీడలో ఆరనిచ్చి, చివరికి రెండు మూడు నెలలు మూసిన పెట్టెల్లో మాగబెడతారు. ఆరు కిలోల పచ్చి కాయలకు ఒక కిలో దాకా మాత్రమే తయారవుతుంది; వెనిల్లా ధరకు సగం కారణం ఈ శ్రమే. కనుక మీ మిత్రులను మగ్గబెట్టిన కాయలే అడగండి. ఎక్స్‌ట్రాక్ట్ కోసం నిగనిగలాడే మొదటి రకం అవసరం లేదు. తేమ తక్కువగా ఉండి, కాస్త చీలిన రెండో రకం ఇందుకు చక్కగా సరిపోతుంది.

మొదట అడిగిన వారు:
చాలా కృతజ్ఞతలు. ఈ రోజే తూచి కలుపుతాను. వాడిన కొద్దీ పైన వోడ్కా పోస్తూ ఉంటే సరిపోతుందా?

సమాధానం:
ఒకటి రెండు చెంచాలు తీసినప్పుడు అంతే పోస్తే పెద్ద తేడా రాదు గానీ, అదే అలవాటైతే సీసా క్రమంగా పలుచబడుతుంది. సగం అయిపోయే లోపే కొత్త కాయలతో రెండో సీసా మొదలుపెట్టండి. పాత ముక్కలను ఆరనిచ్చి పంచదార డబ్బాలో వేసి ఉంచితే, ఆ పంచదార పాయసానికి, కస్టర్డ్‌కు బాగుంటుంది.