మునిగిపోయిన ఊరికి పోస్టాఫీసు ముద్ర సాక్ష్యమా కాదా?

పెరంబూరు సీమబిడ్డ:
మా తాత రాసిన పాత కార్డు ఒకటి దొరికింది, ముద్ర ఫోటో పెట్టాను చూడండి. ఊరు పాత నందికొట్కూరు తాలూకా, 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్ళల్లో పోయింది, పోస్టాఫీసూ దాంతోనే పోయింది. ఇప్పుడు మా చిన్నాన్నేమో ముద్రలో ఉన్నది మన ఊరు కాదురా పక్కూరు అంటాడు. సర్కారు ముద్ర కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? ఆయనకి గుర్తు లేదనే నా వాదన.

మైలాపూర్ ముద్రలు:
తమ్ముడూ, ముప్పై ఏళ్ళుగా ఇవే పోగేస్తున్నా, చిన్నాన్న మాట కొట్టిపారెయ్యకు. బిళ్ళ మీద పడ్డ ముద్ర కార్డు ఎక్కడ డబ్బాలో వేశారో చెప్తుంది, రాసినోడు ఎక్కడ కాపురం ఉన్నాడో చెప్పదు. ఒక్క బ్రాంచి ఆఫీసు కింద నాలుగైదు పల్లెలు ఉండేవి, పేరు మాత్రం ఒక్కదానిదే. చిరునామాలో పిన్ కోడ్ లేదు కాబట్టి కార్డు 1972కి ముందుదే అనీ అనుకోవద్దు, ఆ ఏడు ఆగస్టు 15న పిన్ వచ్చినా జనం ఏళ్ళ తరబడి రాయలేదు. 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకం పట్టుకో, ఏ ఊళ్ళో బడి ఉంది ఏ ఊళ్ళో పోస్టాఫీసు ఉంది అని ఊరూరికీ రాసుంటుంది, నీళ్ళు రావడానికి పదేళ్ళ ముందు లెక్క అది.

వేలచేరి వాసి:
ఎండాకాలం సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, అప్పుడెళ్ళి చూస్తే సరి.

పెరంబూరు సీమబిడ్డ:
వెళ్ళానన్నా. గుడి రాతిది, నిలిచింది. మట్టిమిద్దెలు ఎక్కడ నిలుస్తాయి.

అంబత్తూరు ఆడపడుచు:
మీ ఫోటోలో పేరు మా అమ్మకి చదివి వినిపించా, వినగానే "అది మాకు పై ఊరు" అంది. మాది దళితవాడ, పేరు వేరే, అది ఏ ముద్రలోనూ లేదు. బ్రాంచి పోస్టుమాస్టరు తన ఇంట్లోనే ఆఫీసు పెట్టుకునేవాడు, ఇల్లూ వాకిలీ బాగా ఉన్నోళ్ళకే ఆ పని. ఉత్తరం వచ్చిందంటే మా అమ్మ వెళ్ళి అరుగు కింద నిలబడాలి, ఆయన పైనుంచి జారవిడిస్తే కొంగు పట్టాలి, చేతికి ఇవ్వడు. ఇప్పుడు అందరూ పోయిన పోస్టాఫీసులు వెతుకుతున్నారు, సంతోషమే, కానీ అలా వెతికితే పై ఊళ్ళే దొరుకుతాయి, మా వాడలు రెండోసారి మునుగుతాయి. జనం లేని ఊరిని రెవెన్యూవాళ్ళు బేచిరాక్ అంటారు, దీపం లేనిదని. మా వాడని ఊరుగానే రాయలేదు, ఇంక ఆ మాటైనా ఎక్కడ పడుతుంది?

మైలాపూర్ ముద్రలు:
ఇన్నేళ్ళలో నేను ఈ వైపు ఆలోచించలేదమ్మా. అయినా ముద్రని వదలొద్దు, తేదీ దాంట్లోనే ఉంది, మనుషుల జ్ఞాపకంలో ఏళ్ళు కలిసిపోతాయి.

పెరంబూరు సీమబిడ్డ:
అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివి కార్డు మళ్ళీ తీసి చూశాను. ముద్ర వైపే చూస్తూ ఇన్నాళ్ళూ తాత రాసిన మొదటి లైను సరిగ్గా చదవలేదు. "పోస్టుకి నడిచొచ్చి రాస్తున్నా" అని ఉంది. చిన్నాన్న చెప్పిందే నిజం, ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆదివారం అంబత్తూరు వస్తాను, అమ్మగారు ఒప్పుకుంటే ఆ పై ఊరి చుట్టూ ఏ వాడ ఎటుందో కాగితం మీద గీయించుకుంటాను, మీ వాడ పేరు మొదట రాస్తాను.