అప్‌డేట్: సోలార్ హీటర్ నీళ్లు వేడెక్కట్లేదన్నాను కదా, కారణం దొరికింది

తిరుపతిలో మా మేడమీది 200 లీటర్ల సోలార్ హీటర్ ఇంత ఎండలోనూ గోరువెచ్చటి నీళ్లే ఇస్తోంది, ట్యాంకు మార్చాలా అని పోయిన నెల అడిగాను. ట్యాంకు బాగానే ఉంది. మాది బోరు నీళ్లు, అవి వేడెక్కే కొద్దీ సున్నం కలెక్టర్‌లోని (ఎండకు నీళ్లు వేడెక్కే అద్దపు పలక) రాగి గొట్టాల లోపల పొరలుగా పేరుకుపోయింది. పంపు లేని సిస్టమ్ ఇది, వేడెక్కిన నీళ్లు తేలికై వాటంతట అవే పైనున్న ట్యాంకులోకి ఎక్కాలి, దారి ఇరుకైపోతే ఎట్లా ఎక్కుతాయి? మెకానిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో కడిగితే బకెట్ అడుగున తెల్లగా పేరుకుంది, చూసి ప్రాణం ఉసూరుమంది. అద్దం మీద దుమ్మూ తుడిచాం. ఇప్పుడు పొద్దున్నే అమ్మ చన్నీళ్లు కలుపుకోనిదే పోసుకోలేకపోతోంది. గొట్టాలు చూడమన్న అన్నకు చాలా థ్యాంక్స్. బోరు నీళ్లవాళ్లు కొనేముందే హీట్ ఎక్స్ఛేంజర్ (వేరే ద్రవం ఎండకు వేడెక్కి, ఆ వేడిని మన నీళ్లకు అందించే ఏర్పాటు) ఉన్న మోడల్ అడగండి, అందులో వాడుకునే నీళ్లు కలెక్టర్ గొట్టాల్లోకి వెళ్లవు.