‘ఇంటర్‌కూలర్’ చేసేది శీతలీకరణమా, చల్లార్చడమా?

సూపర్‌ఛార్జర్ ఉన్న పికప్ ట్రక్కుల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను: ఇంటర్‌కూలర్ (ఇంజన్‌లోకి పోయే గాలి వేడిని తగ్గించే భాగం), హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఒకదాని వేడిని ఇంకోదానికి అందించే పరికరం). ‘అంతర శీతలీకరణి’, ‘ఉష్ణ వినిమాయకం’ అని రాసి చూశాను. చదివితే అర్థం కాకపోవడం అటుంచి, తప్పుగా అర్థమవుతోంది. నాకు తోచినవి ఇక్కడ పెడుతున్నాను, సరిచూడండి.

ముందు జరిగే పని చెప్తాను. సూపర్‌ఛార్జర్ ఇంజన్ నుంచి వచ్చే బెల్టుతో తిరుగుతూ గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లందరికీ ఇది చేతికి తెలిసిన సంగతే. బయటి గాలి 27 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేస్తే, నష్టాలేమీ లేకపోయినా అది దాదాపు 64 డిగ్రీలకు చేరుతుంది. సూపర్‌ఛార్జర్ సామర్థ్యం 60 శాతమే అయితే 88 దాకా పోతుంది. వేడి గాలి పలచన కాబట్టి, ఎక్కువ గాలి పట్టించాలని నొక్కితే ఆ వేడే లాభంలో కొంత తినేస్తుంది. పైగా పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం దానంతట అదే అంటుకుని ‘నాకింగ్’ మొదలవ్వచ్చు. అది రాకుండా ఇంజన్ కంప్యూటర్ స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది, దాంతో బలం తగ్గుతుంది. ఆ 88 డిగ్రీల గాలిని అదే ఒత్తిడిలో 45కి దించగలిగితే సాంద్రత 13 శాతం దాకా పెరుగుతుంది. ఆ దించే పని ఇంటర్‌కూలర్‌ది.

నా ఇబ్బంది ఈ ‘దించడం’ దగ్గరే. శీతలీకరణ అనగానే శీతల గిడ్డంగి గుర్తొస్తుంది. 45 డిగ్రీల గాలిని ఎవరూ శీతలం అనరు కదా! మనకు ‘చల్లార్చడం’ అనే చక్కటి మాట ఉంది. కాగిన నీళ్లు చల్లారతాయి, కోపం చల్లారుతుంది. అందులో ‘ఆరు’ ఉంది చూడండి: తడి ఆరడం, మంట ఆరడం. ఉన్నది పోవడమే తప్ప కొత్తగా చలి వచ్చి చేరడం కాదు. చల్లారే వస్తువు చుట్టుపక్కల ఉన్న వేడి దగ్గరికి వచ్చి ఆగుతుంది, ఇంకా కిందికి పోదు. ఇంటర్‌కూలర్ హద్దు కూడా సరిగ్గా అదే. భౌతికశాస్త్రం చెప్పేదాన్ని ఈ క్రియ ముందే తనలో పెట్టుకుంది.

ఇక ‘ఇంటర్’. రెండు అంచెల్లో గాలిని నొక్కే కంప్రెసర్లలో అంచెల మధ్య పెట్టేది ఇంటర్‌కూలర్, చివరి అంచె తర్వాత వచ్చేది ఆఫ్టర్‌కూలర్. ట్రక్కులో ఒకే అంచె ఉంటుంది కాబట్టి నిక్కచ్చిగా చూస్తే అది ఆఫ్టర్‌కూలరే. డీజిల్ ఇంజన్ల వాళ్లు ‘ఛార్జ్ ఎయిర్ కూలర్’ (సిలిండర్లలోకి నింపే గాలిని చల్లార్చేది) అనడం ఇంకా సూటిగా ఉంది. మనం ‘అంతర్’ అని అనువదిస్తే రెండో చిక్కు వస్తుంది. అంతర్జాతీయంలో అది ‘మధ్య’, అంతర్ముఖంలో ‘లోపల’. ఇంటర్‌కూలర్‌ని కొత్తగా వినేవారు రెండోదే అనుకునే ప్రమాదం ఎక్కువ.

హీట్ ఎక్స్‌ఛేంజర్ కథ వేరు. ఈ ట్రక్కుల్లో చాలావాటిలో గాలిని చల్లార్చేది నీళ్లు. 1999లో వచ్చిన ఫోర్డ్ లైట్నింగ్‌లోనూ ఇదే పద్ధతి. సూపర్‌ఛార్జర్ దగ్గరే ఉన్న ఇంటర్‌కూలర్‌లో గాలి తన వేడిని నీళ్లకు ఇస్తుంది. చిన్న కరెంటు పంపు ఆ నీళ్లను బండి ముందున్న ఇంకో పలకలోకి తోస్తుంది, అక్కడ అవి ఎదురుగాలికి వేడిని వదిలి తిరిగొస్తాయి. ఇంజన్ రేడియేటర్ నీళ్లతో సాధారణంగా దీనికి సంబంధం ఉండదు. నిజానికి రెండూ హీట్ ఎక్స్‌ఛేంజర్లే, కానీ వాడుకలో ఆ ఉమ్మడి పేరు బండి ముందున్న పలకకు మాత్రమే అతుక్కుపోయింది. ‘వినిమయం’ అంటే ఇచ్చి పుచ్చుకోవడం. ఇక్కడ వేడి ఒకవైపే పోతుంది. ‘బదిలీ’ మేలనిపిస్తోంది.

ఒక జవాబు: ‘బదిలీ’ బాగుందండీ. ‘రేడియేటర్’ కూడా ఇలాంటిదే. పేరులో వికిరణం (వేడి కిరణాలుగా పోవడం) ఉంది కానీ పని ఎక్కువగా సంవహనంతో (పారే గాలి వేడిని మోసుకుపోవడంతో) జరుగుతుంది. ఒక సందేహం: మధ్యలో నీళ్లెందుకు? నేరుగా గాలికే చల్లార్చవచ్చు కదా?

మొదట రాసినవారు: చల్లార్చవచ్చండీ, టర్బో డీజిల్ లారీల్లో ఎక్కువగా అదే పద్ధతి. కానీ ఒకే బరువు తీసుకుంటే గాలికన్నా నీళ్లు నాలుగు రెట్లు వేడిని పట్టుకుంటాయి. ఒకే ఘనపరిమాణం అయితే దాదాపు 3,500 రెట్లు. అందుకే సూపర్‌ఛార్జర్‌ని ఆనుకుని ఉన్న ఇరుకు చోటులో చిన్న పలక సరిపోతుంది.

ఇంకొకరు: ఇంటర్‌కూలర్ నీళ్ల ట్యాంకులో ఐసు వేస్తే గాలి బయటి వేడికన్నా కిందికి దిగుతుంది కదా? అప్పుడు చల్లార్చడం అనగలమా?

మొదట రాసినవారు: అనలేమండీ, మంచి పట్టు పట్టారు. డ్రాగ్ రేసుల్లో (తిన్నటి దారిలో కొద్ది దూరం సాగే పందేల్లో) ఐసు వేసేవాళ్లున్నారు. 2018 డాడ్జ్ డీమన్ కారులో ఏసీలో తిరిగే రిఫ్రిజిరెంట్‌తోనే ఇంటర్‌కూలర్ ద్రవాన్ని చల్లబరిచారు. అక్కడ ‘శీతలీకరణ’ అనే మాటకు పూర్తి హక్కు ఉంది. వ్యాసంలో రెండు క్రియలూ వాడి తేడా చూపిస్తాను. యంత్రం పేరు మాత్రం ఇంటర్‌కూలర్ అనే ఉంచుతున్నాను. మెకానిక్ నోట ఉన్న పేరు మార్చడం నాకిష్టం లేదు.

ఒకటి మిగిలింది. బండి మెల్లగా కదిలే రద్దీలో ఎదురుగాలి చాలక లోహమూ నీళ్లూ కలిసి కాగిపోతాయి, ఆ తర్వాత ఎంత తొక్కినా పాత బలం రాదు. దీన్ని ‘హీట్ సోక్’ అంటారు. ‘వేడిలో నానడం’ నాకు రుచించలేదు, నానడం తడికే నప్పుతుంది. ‘వేడి పట్టేసింది’ అని రాశాను. ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి.