అమ్మ బీపీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది, ఏ నంబరు నమ్మాలి?

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మకి 67 ఏళ్ళు, తెనాలిలో నాన్నతో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. మోకాళ్ళ నొప్పులకని డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడ బీపీ 164/82 ఉందన్నారట. వెంటనే ఇంట్లో చూసుకునే మిషన్ ఒకటి కొని పంపాను. ఇప్పుడు నాన్న రోజూ చూసి వాట్సాప్‌లో పెడుతున్నారు. పొద్దున 152/80, గంట తర్వాత 138/76, సాయంత్రానికి మళ్ళీ 158/84. వరసగా రెండుసార్లు చూసినా పది, పదిహేను తేడా వస్తోంది, మిషన్ మంచిది కాదేమోనని టెన్షన్‌గా ఉంది. పక్కింటి పిన్నిగారేమో కింది నంబరు ఎనభైలోనే ఉంది కదా, చూడాల్సింది అదే, పైది వయసుకి వంద కలిపినంత ఉన్నా ఫర్వాలేదు అంటున్నారు. అమ్మకి ఆ మాట బాగా నచ్చేసింది, మాత్ర ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదని ఆవిడ భయం. అసలు ఈ రెండు నంబర్లు ఏం చెప్తాయి? దేన్ని చూసి కంగారు పడాలి?

వార్డు_సిస్టర్:
మిషన్‌ని అప్పుడే అనుమానించకండి. నాలుగు మాటలు మాట్లాడినా, మెట్లెక్కి వచ్చినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా బీపీ మారిపోతుంది, అందుకే ఒక్క రీడింగ్ చూసి సంబరపడటానికీ లేదు, భయపడటానికీ లేదు. గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పుడు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడి పై నంబరు. గుండె సడలి మళ్ళీ నిండేటప్పుడు నాళాల్లో ఉండే ఒత్తిడి కిందిది. వయసు మీద పడేకొద్దీ పెద్ద నాళాలు బిరుసెక్కి, తోసిన రక్తానికి సాగలేవు, దాంతో పైది పెరుగుతుంది, కిందిది అలాగే ఉంటుంది లేదా తగ్గుతుంది కూడా. అమ్మగారి నంబర్ల తీరు అలాగే ఉంది. కిందిది బాగుందని వదిలేయకండి, ఆ వయసులో పక్షవాతం ముప్పుని ఎక్కువగా పై నంబరే చెప్తుంది. వయసుకి వంద కలిపే లెక్క ఇప్పుడు చెల్లదు. 1991లో అమెరికాలో షెప్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అరవై దాటి, కిందిది 90 లోపే ఉండి పైది మాత్రం 160, ఆపైన ఉన్నవాళ్ళకి మందులిచ్చి చూస్తే పక్షవాతాలు మూడో వంతుకి పైగా తగ్గాయి. ఇది పిన్నిగారికి కూడా చెప్పండి, ఆవిడా ఆ వయసులోనే ఉండి ఉంటారు.

పెన్షనర్_గుంటూరు:
అమ్మాయ్, ఏడు రోజులు ఒక నోట్‌బుక్ పెట్టించు. పొద్దున టిఫిన్‌కి, బీపీ మాత్ర వాడుతుంటే దానికీ ముందు, మళ్ళీ సాయంత్రం, ప్రతిసారీ నిమిషం తేడాతో రెండుసార్లు. మొదటి రోజువి కొట్టేసి మిగతావి కలిపి సగటు తీయాలి. ఆ సగటు 135/85 చేరినా, దాటినా ఎక్కువున్నట్టే. ఆస్పత్రిలో చూసేదానికి గీత 140/90, ఎందుకంటే డాక్టరు ఎదురుగా కూర్చుంటేనే పెరిగేవాళ్ళు చాలామంది ఉంటారు. మా అబ్బాయి డాలస్ నుంచి 130 దాటితే బీపీయే నాన్నా అంటాడు, అక్కడ 2017లో గీతని 130/80కి దించారు, ఇక్కడ ఎక్కువమంది డాక్టర్లు 140 చెప్తారు. గీత ఎక్కడ గీసినా మీ అమ్మ రీడింగులు ఎక్కువగా దాని పైనే ఉన్నాయి, అది గమనించు.

తెనాలి_అమ్మాయి:
చాలా థాంక్సండీ. ఇందాక నాన్నని వీడియో కాల్‌లో పెట్టి చూపించమన్నాను. అమ్మ మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంది, పట్టీ జాకెట్టు చేతి మీదే కట్టారు, చేయి ఒళ్ళో ఉంది, టీవీలో సీరియల్, మధ్యలో నాన్నతో కూర గురించి మాట్లాడుతోంది. ఇంకోటి, మోకాళ్ళకి మెడికల్ షాపులో తెచ్చుకున్న నొప్పి మాత్ర రోజూ వేసుకుంటోందట. దానికీ బీపీకీ సంబంధం ఉందా?

వార్డు_సిస్టర్:
ఉంది, ముందు అదే డాక్టరుకి చెప్పండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫేన్ లాంటివి ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలిపేసి బీపీ పెంచుతాయి, కొన్ని బీపీ మందుల్ని సరిగా పనిచేయనివ్వవు, కిడ్నీకీ మంచిది కాదు. ఆ మాత్రల షీటు పట్టుకుని వెళ్ళమనండి. ఇక కూర్చోబెట్టే పద్ధతి: వీపుకి ఆనుకునే కుర్చీ, పాదాలు రెండూ నేల మీద, చేయి టేబుల్ మీద పెడితే పట్టీ గుండె ఎత్తుకి వస్తుంది, టేబుల్ తక్కువైతే కింద దిండు పెట్టండి. చేయి ఒళ్ళో ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పట్టీ ఒంటి మీదే కట్టాలి, మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన. చేయి లావుగా ఉండి పట్టీ బిగుతైతే పెద్ద సైజుది తెప్పించండి. కాఫీ తాగి అరగంట కాకుండా చూడొద్దు, అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే బటన్ నొక్కాలి, సీరియల్ అయ్యాకే చూడమనండి.

పెన్షనర్_గుంటూరు:
ఆవకాయ, అప్పడాలు కూడా తగ్గించమను. రోజుకి ఉప్పు అయిదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మన ఇళ్ళలో పచ్చడితోనే చాలా వెళ్ళిపోతుంది. లేచి నిలబడగానే తల తిరుగుతుందేమో కూడా అడుగు. తిరిగితే నిలబడ్డాక ఒకసారి బీపీ చూడాలి, ఆ వయసులో పడితే తుంటి ఎముకకి ప్రమాదం.

వార్డు_సిస్టర్:
ఇంకొక్కటి నాన్నగారికి రాసి పంపండి. 180/120 అంత ఎక్కువ కనిపిస్తే, బాధేమీ లేకపోతే అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడాలి, అప్పుడూ అంతే ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి. గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒకపక్క చేయి పట్టు తప్పడం, చూపు మసకబారడం, వీటిలో ఏది వచ్చినా నంబరు ఎంతో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయమనండి.