ఇంగ్లండుకు గుర్రాలతో తరలివెళ్ళడం, అక్కడ మేత భూమి ఉన్న ఇల్లు కొనడం: సందేహాలు

ప్రశ్న (గజపతినగరం, విజయనగరం జిల్లా)

అందరికీ నమస్కారం. మా వారికి ఇంగ్లండులో వైద్యునిగా ఉద్యోగం ఖాయమైంది. వచ్చే ఏడాది కుటుంబమంతా అక్కడికి వెళ్ళిపోతున్నాము. మా తోటలోని సాలలో రెండు గుర్రాలున్నాయి. ఒకటి పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి), రెండవది పద్దెనిమిదేళ్ళ కాఠియావాడీ ఆడగుర్రం. రెండింటినీ వెంట తీసుకువెళ్ళవచ్చునా? సాల, మేత భూమి ఉన్న ఇల్లు ఒకటి చూపించి, ఒక మధ్యవర్తి బయానా పంపమని తొందరపెడుతున్నాడు. పంపవచ్చునా?

సమాధానం (విజయనగరం, విశ్రాంత పశువైద్యుడు)

అమ్మా, బయానా పంపకండి. ముందు గుర్రం వెళ్ళగలదో లేదో తేలనివ్వండి.

గుర్రం సరిహద్దు దాటడమన్నది దాని ఒంటి ఆరోగ్యం మీద కంటే అది పుట్టి పెరిగిన దేశంలోని రోగాల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. గ్లాండర్స్ అనే అంటురోగం, జోరీగల ద్వారా వ్యాపించే సర్రా వంటి రోగాల భయంతో పై దేశాలు మన గుర్రాల విషయంలో చాలా పట్టుదలగా ఉంటాయి. 2025 జూలైలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మీరట్ కంటోన్మెంటులోని సైనిక అశ్వ కేంద్రాన్ని ఇటువంటి రోగాలు లేని ప్రత్యేక ఆవరణగా గుర్తించింది. ఆ గుర్తింపు ఆ ఆవరణ వరకే తప్ప మీ సాలకు వర్తించదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రపు స్వారీ విన్యాసాల పోటీ) జట్టు బంగారు పతకం గెలిచినప్పుడు కూడా, వారు స్వారీ చేసినవి ఐరోపాలో ఉంచి తర్ఫీదు ఇచ్చిన గుర్రాలే. కాబట్టి భారతదేశం నుంచి నేరుగా గుర్రాన్ని రానిస్తారా, లేక మూడో దేశంలో కొంతకాలం ఉంచాలా అన్నది బ్రిటిష్ ప్రభుత్వ జంతు ఆరోగ్య విభాగం నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఆడగుర్రం సంగతి వేరు. కాఠియావాడీ, మార్వాడీ, మణిపురీ జాతుల ఎగుమతి మీద మన ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు లేనిదే పంపలేరు. లైసెన్సు దొరికినా పద్దెనిమిదేళ్ళ జీవాన్ని విమానం ఎక్కించమని నేను చెప్పలేను. ఉలవ గుగ్గిళ్ళు వేళకు పెట్టి, డెక్కలు చూసుకునే నమ్మకస్తుల దగ్గర ఇక్కడే ఉంచండి.

థరోబ్రెడ్‌కు గుర్రాల వంశావళిని నమోదు చేసే పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఇచ్చిన పాస్‌పోర్టు ఉన్నదేమో, అందులోని మైక్రోచిప్ సంఖ్య మెడలోని చిప్పుతో సరిపోతున్నదో లేదో చూపించండి. ఒక్క అంకె తేడా ఉన్నా పని ఆగిపోతుంది. ప్రయాణం ఖాయమైతే మరొక మాట. తల పైకి బిగించి గంటల తరబడి కట్టేస్తే శ్వాసనాళంలోని కల్మషం కిందికి జారక ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. తాడు వదులు చేసి తల దించనిస్తూ ఉండమని వెంట వెళ్ళే మనిషికి గట్టిగా చెప్పాలి.

సమాధానం (ఇంగ్లండు, స్వస్థలం నరసన్నపేట)

అక్కగారూ, గుర్రం వచ్చినా రాకపోయినా మొదటి ఏడాది కొనకండి. ఇక్కడ నెలకు అద్దె తీసుకుని గుర్రాలను ఉంచుకునే లివరీ యార్డులు ఉంటాయి, వాటిలో ఉంచి చలికాలం గడవనివ్వండి. వేసవిలో పచ్చగా కనిపించిన మైదానం జనవరిలో గేటు దగ్గర చీలమండ లోతు బురదగా మారుతుంది. భూమిని ఆ నెలలో చూసినవారే సరిగ్గా బేరం చేయగలరు.

ఒక్కో గుర్రానికి ఎకరం నుంచి ఎకరంన్నర శాశ్వత మేత ఉండాలని బ్రిటిష్ హార్స్ సొసైటీ చెబుతుంది. విస్తీర్ణం కంటే గడ్డిలో ఏముందో చూడటం ముఖ్యం. రాగ్‌వర్ట్ అనే పసుపు పూల మొక్క పచ్చిగా ఉన్నప్పుడు చేదు వల్ల గుర్రం సాధారణంగా ముట్టదు, ఎండుగడ్డిలో కలిసిపోతే మాత్రం తినేస్తుంది, దాంతో కాలేయం పాడవుతుంది. గట్టున సికమోర్ చెట్లుంటే వాటి గింజలు కండరాలను దెబ్బతీసి ప్రాణం తీయగలవు. మన ఎండుగడ్డికి అలవాటుపడిన గుర్రాన్ని వసంతకాలపు లేతగడ్డిలో ఒక్కసారిగా వదలకూడదు, డెక్కల లోపల వాచి నిలబడలేకపోతుంది.

వ్యవసాయ భూమిలో గుర్రాలను మేపుకోవచ్చు కానీ అక్కడే ఉంచి, దాణా పెట్టి, స్వారీకి వాడాలంటే వినియోగ మార్పిడికి స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. అమ్మేవారి నోటిమాట కాకుండా ఆ అనుమతి పత్రం మీ న్యాయవాదికి చూపించండి.

ప్రశ్నించినవారు

ఎంతో మేలు చేశారు. ఆడగుర్రాన్ని మా చెల్లెలికి అప్పగిస్తాము. డబ్బు పంపడంలోనూ, ఇక్కడి భూమి విషయంలోనూ చిక్కులేమైనా ఉన్నాయా?

సమాధానం (శ్రీకాకుళం, ఆడిటరు)

ఇక్కడ నివాసిగా ఉన్నంతకాలం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు, విదేశంలో ఇల్లు కొనడమూ అందులోకి వస్తుంది. ప్రవాసులయ్యాక ఆ పద్ధతి వర్తించదు, ప్రవాసులు ఇక్కడి సొమ్ము ఉంచుకునే ఎన్.ఆర్.ఓ. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితిలో పంపుకోవాలి. మీ తోట మీ పేరనే ఉండవచ్చు. ప్రవాసులుగా కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు కాబట్టి, సాల పక్క చెక్క కలుపుకోవాలనుకుంటే వెళ్ళేలోపే రిజిస్ట్రేషను చేయించుకోండి. ఇంగ్లండులో, అక్కడ ఇంకా నివాసి కాని కొనుగోలుదారుకు నివాస గృహాల స్టాంపు డ్యూటీ మీద అదనంగా 2 శాతం పడవచ్చు. అక్కడ ఏడాది ఉండి కొనమన్న సలహా ఈ లెక్కకు కూడా సరిపోతుంది.