1966-69 నాటి బ్రిటిష్ సైకెడెలిక్ సింగిల్స్: ఏ సంకలనాలు కొనాలి?

అందరికీ నమస్కారం. 1966-69 మధ్య బ్రిటన్‌లో ఒకటి రెండు సింగిల్స్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డులు) విడుదల చేసి కనుమరుగైన సైకెడెలిక్ (మత్తులో తేలుతున్నట్టుండే వింత శబ్దాల రాక్) బ్యాండ్ల పాటలంటే నాకు ప్రాణం. రైనో లేబుల్ 2001లో తెచ్చిన నాలుగు సీడీల 'నగెట్స్ 2' సంకలనంతో ఈ పిచ్చి పట్టుకుంది. అందులో టింటర్న్ ఆబీ వాళ్ళ 'వాక్యూమ్ క్లీనర్' విన్నారా? ఫీడ్‌బ్యాక్‌తో (యాంప్లిఫయర్ కూతతో) సాగే ఆ గిటార్ సోలో వింటుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. డెరామ్ లేబుల్‌పై వచ్చిన ఆ సింగిల్‌కి అది బీ-సైడ్ (రెండో వైపు పాట) మాత్రమే! అసలు రికార్డు కొనడం నా వల్ల కాదు, అందుకే రీఇష్యూల మీదే ఆధారపడ్డాను.

ఇప్పుడు నా దృష్టి 1984లో బామ్-కరూసో లేబుల్ మొదలుపెట్టిన 'రబుల్' సంకలనాల సిరీస్ మీద ఉంది. ఇరవై భాగాలు. పాత ఎల్పీలు వెతుక్కోవాలా, తర్వాత వచ్చిన సీడీ సెట్లు చాలా? గ్రేప్‌ఫ్రూట్ లేబుల్ వాళ్ళ మూడు సీడీల సెట్లు కూడా ఊరిస్తున్నాయి, కానీ అవే పాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయేమోనని టెన్షన్.

ఇంకో ముఖ్యమైన సందేహం. మాస్టర్ టేపు (స్టూడియోలోని అసలు రికార్డింగ్) నుంచి తీసిన పాటకీ, అరిగిన 45 (సింగిల్ రికార్డు) నుంచి ఎక్కించిన పాటకీ చాలా తేడా ఉంటుంది. చిటపటల్ని మరీ తుడిచేస్తే సింబల్స్ (డ్రమ్స్‌లోని తాళాల) మెరుపు కూడా పోతుంది. కొనేముందే ఇది తెలుసుకునే దారి ఉందా? నాకు సింగిల్‌పై వచ్చిన మోనో (ఒకే చానెల్) మిక్స్ కావాలి, స్టీరియో వద్దు.

లండన్‌లో సెకండ్‌హ్యాండ్ రికార్డు షాపులు తిరిగే మనవాళ్ళెవరైనా ఉంటే, ముందు ఏ భాగాలు కొనాలో దయచేసి చెప్పండి.