పాత అమెరికన్ ట్రాక్టర్లకు ముందు చక్రాలు అంత దగ్గరగా ఎందుకుండేవి?

ప్రశ్న (కొత్తపేట): మా లంక పొలంలో మొక్కజొన్న సాళ్ల మధ్య గుంటక తోలించినప్పుడల్లా ఈ సందేహం కలుగుతోంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (తణుకు): అది సాళ్ల పంటల కోసమే చేసిన ఏర్పాటండి. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ దుక్కికి పనికివచ్చినా, ఎత్తు తక్కువ కావడంతో ఎదిగిన మొక్కల మీదుగా సాగలేకపోయేది కనుక అంతరకృషికి (సాళ్ల మధ్య దున్ని కలుపు తీయడానికి) గుర్రాలు తప్పలేదు. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తెచ్చిన ఫార్మాల్ ట్రాక్టర్‌కు ముందు చక్రాలు రెండు సాళ్ల నడుమ, వెనుకవి ఆ సాళ్లకు చెరో పక్క నడిచేవి. ఎత్తైన వెనుక ఇరుసు మొక్కల పైనుంచి పోయేది. గుర్రానికి నిజంగా సెలవిచ్చిన యంత్రం అదేనని నా అభిప్రాయం.

జవాబు (రావులపాలెం): తొలినాళ్లలో చక్రాలు ఉక్కువే. 1932లో అల్లిస్ చామర్స్ కంపెనీ ట్రాక్టర్లకు గాలి టైర్లు తెచ్చింది. మనం మాత్రం వరి మడిలో దమ్ముకు నేటికీ ఇనుప చక్రాలే బిగిస్తున్నాం.

ప్రశ్నించినవారు: ఫార్మాల్‌కు ఎరుపు రంగు మొదటినుంచీ ఉన్నదేనా?

జవాబు (తణుకు): కాదండి, 1936 వరకు బూడిద రంగే.